యాంటీహిస్టమిన్ మందును ల్యాబులో పరీక్షించడం ఎలా: ఐలియం ముక్క నుంచి పీఏ2 దాకా

"అన్నా, మా ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే హిస్టమిన్ కాంట్రాక్షన్ సగానికి పడిపోయింది. యాంటీహిస్టమిన్ అని థీసిస్‌లో రాసేయొచ్చా?"

బెంగళూరులో ఎం.ఫార్మ్ చదివే మన పిల్లలు, ముఖ్యంగా అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఏటా ప్రాజెక్టు రోజుల్లో నన్నడిగే ప్రశ్న ఇది. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలేది కాదు కాబట్టి మొదటి నుంచి వరసగా రాస్తున్నాను.

సమాధానం మాత్రం ముందే చెప్తాను. సగానికి పడిపోయినంత మాత్రాన అలా రాయకూడదు. పేగు కండరాన్ని మొత్తంగా వదులు చేసే ఏ మందైనా హిస్టమిన్ కాంట్రాక్షన్‌ని, అంటే హిస్టమిన్ వల్ల కండరం ముడుచుకోవడాన్ని, తగ్గిస్తుంది. మీ మందు హిస్టమిన్‌నే అడ్డుకుంటోందని, అదీ హెచ్1 రిసెప్టర్ (కణం మీద హిస్టమిన్ అతుక్కునే చోటు) దగ్గరే అడ్డుకుంటోందని చూపించాలి. కింద ఉన్న పనంతా అందుకోసమే. ఆ అడ్డు ఎంత బలమైనదో చెప్పే అంకే శీర్షికలోని పీఏ2.

1. ల్యాబులో అడుగుపెట్టే ముందు తెలిసి ఉండాల్సింది

హిస్టమిన్‌కి నాలుగు రకాల రిసెప్టర్లున్నాయి. తుమ్ములు, దురద, దద్దుర్లు, శ్వాసనాళాలు బిగుసుకోవడం, ఇవన్నీ ప్రధానంగా హెచ్1 పని. కడుపులో యాసిడ్ ఊరడం హెచ్2 పని. హెచ్3 ఎక్కువగా నరాల చివర్లలో, హెచ్4 ఎక్కువగా రోగనిరోధక కణాల్లో ఉంటాయి. మామూలుగా యాంటీహిస్టమిన్ అంటే హెచ్1ని అడ్డుకునే మందు.

హెచ్1 రిసెప్టర్ జీక్యూ ప్రొటీన్‌తో కలిసి పనిచేస్తుంది. హిస్టమిన్ తగలగానే ఫాస్ఫోలైపేజ్ సీ కదులుతుంది, ఐపీ3 తయారవుతుంది, కణంలో కాల్షియం పెరుగుతుంది, కండరం ముడుచుకుంటుంది. ఆర్గన్ బాత్‌లో, అంటే పేగు ముక్కను వెచ్చటి ద్రావణంలో వేలాడదీసి దాని కదలికను గీతగా రికార్డు చేసే పాత్రలో, మీరు చూసే గీత ఈ వరసలో చివరి మెట్టు మాత్రమే. మధ్యలో ఏ మెట్టు దగ్గర అడ్డుపడినా గీత ఒకేలా పొట్టిదవుతుంది. పైన అడిగిన ప్రశ్నలో చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకో మాట. హెచ్1 రిసెప్టర్ హిస్టమిన్ లేకపోయినా కొంత మేలుకునే ఉంటుంది. మన మందులు దాన్ని నిద్రావస్థ వైపు లాగి పట్టుకుంటాయి. అందుకే వీటిని ఇప్పుడు ఇన్వర్స్ అగోనిస్టులు అంటున్నారు. వైవాలో తప్పకుండా అడుగుతారు. ఐలియం (చిన్నపేగు చివరి భాగం) ప్రయోగంలో మాత్రం ఇవి హిస్టమిన్‌తో పోటీపడే యాంటాగనిస్టుల్లాగే (అడ్డుకునే మందుల్లాగే) కనిపిస్తాయి.

మొదటి తరం మందులు క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్, హైడ్రాక్సిజిన్. ఇవి మెదడులోకి సులువుగా వెళ్తాయి, నిద్ర తెస్తాయి. చాలావాటికి అట్రోపిన్ లాంటి (అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే) గుణం కూడా ఉంది, అందుకే నోరు ఎండుతుంది. రెండో తరం సెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివి. ఇవి మెదడులోకి తక్కువగా వెళ్తాయి. ఫెక్సోఫెనడిన్‌నైతే పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు మెదడు గడప దగ్గరే బయటికి నెట్టేస్తుంది.

2. అనుమతి, జంతువు, ప్రత్యామ్నాయం

ఎలుక పేగుతో ఈ పని కాదు. ఎలుకలు హిస్టమిన్‌కి పెద్దగా స్పందించవు. గినీ పిగ్ ఐలియం నానోగ్రాముల్లో వేసినా కదులుతుంది. ఈ స్క్రీనింగ్‌కి దశాబ్దాలుగా దాన్నే వాడడానికి కారణం ఇదే.

గినీ పిగ్ కావాలంటే ముందు కాగితం పని పూర్తి కావాలి. కాలేజీ యానిమల్ హౌస్‌కి, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ అయిన సీసీఎస్ఈఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. పాతవాళ్ళు దీన్ని ఇంకా సీపీసీఎస్ఈఏ అనే పిలుస్తారు. మీ ప్రాజెక్టు ఫారం బి నింపి కాలేజీ ఎథిక్స్ కమిటీ ముందు పెట్టాలి, అనుమతి నంబరు చేతికి వచ్చాకే జంతువును ముట్టుకోవాలి. ప్రయోగం చేసేసి తర్వాత నంబరు తెచ్చుకుందామనుకుంటే అది తప్పే కాదు, నేరం కూడా. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచి అమల్లో ఉంది.

ఫారంలో ఎన్ని జంతువులు కావాలో రాసే దగ్గర కాస్త ఆలోచించండి. ఒక గినీ పిగ్ ఐలియం నుంచి చాలా ముక్కలొస్తాయి. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే రోజు పని పెట్టుకుని ఒకే జంతువు టిష్యూని పంచుకోవచ్చు. ఇది నేను అందరికీ పట్టుబట్టి చెప్తాను. ఒక ప్రాణం తీస్తున్నప్పుడు ఒక్క సెంటీమీటరు కూడా వృథా పోకూడదు.

అనుమతి రావడం ఆలస్యమైతే మేక ట్రేకియా (శ్వాసనాళం) మంచి దారి. మాంసం దుకాణంలో మామూలుగా పారేసే ముక్కే కాబట్టి మీ కోసం ప్రత్యేకంగా జంతువును చంపక్కర్లేదు. అయినా మీ కమిటీకి ఒక మాట రాసి ఇవ్వండి. తెల్లవారుజామున శివాజీనగర్ వైపు వెళ్ళి, ముందే మాట్లాడుకున్న దుకాణంలో, కోసిన వెంటనే తీసుకోండి. చల్లని క్రెబ్స్ ద్రావణం (టిష్యూని బతికించి ఉంచే లవణాల నీళ్ళు) నింపిన ఫ్లాస్కులో వేసుకుని, ట్రాఫిక్ మొదలవక ముందే ల్యాబుకి చేరుకోండి. ఉంగరాల్లా కోసి, ఐదారింటిని దారంతో ఒకదానికొకటి గొలుసులా కట్టి వేలాడదీస్తారు. ఐలియం కంటే నెమ్మదిగా కదులుతుంది. ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య పదిహేను నిమిషాలైనా ఇవ్వాలి.

చేయి తిరగడానికి ముందు కంప్యూటర్ మీద సాధన చేయండి. పుదుచ్చేరి జిప్మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో డోసు పెంచితే గీత ఎలా మారుతుందో, యాంటాగనిస్ట్ వేస్తే ఏమవుతుందో చూడొచ్చు. అక్కడ పొరపాటు చేస్తే పోయేదేమీ లేదు.

3. ద్రావణాలు: సగం ప్రయోగాలు పాడయ్యేది ఇక్కడే

పేగు ముక్కను బతికించి ఉంచే టైరోడ్ ద్రావణం, ఒక లీటరుకి:

- సోడియం క్లోరైడ్ 8 గ్రా.
- పొటాషియం క్లోరైడ్ 0.2 గ్రా.
- కాల్షియం క్లోరైడ్ 0.2 గ్రా.
- మెగ్నీషియం క్లోరైడ్ 0.1 గ్రా.
- సోడియం బైకార్బొనేట్ 1 గ్రా.
- సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.05 గ్రా.
- గ్లూకోజ్ 1 గ్రా.

అన్నీ ఒకే బీకర్లో గుమ్మరించొద్దు. కాల్షియం, బైకార్బొనేట్ చిక్కగా ఉన్నప్పుడు కలిస్తే తెల్లటి మడ్డి దిగుతుంది. ఆ మడ్డితో పాటే మీ కాల్షియం కూడా పోతుంది. తర్వాత టిష్యూ కదలట్లేదని టెన్షన్ పడి ప్రయోజనం లేదు. మిగతా లవణాలన్నీ ముప్పాతిక వంతు నీళ్ళలో పూర్తిగా కరిగాక, కాల్షియం క్లోరైడ్‌ని విడిగా కొద్ది నీళ్ళలో కరిగించి, కలుపుతూ సన్నటి ధారగా చివర్లో పోయండి. బీకర్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూడండి. అవతల ఉన్న సీసా లేబుల్ స్పష్టంగా చదవగలిగితే సరే. ఏమాత్రం మసగ్గా ఉన్నా పారబోసి మళ్ళీ చేయండి.

కాల్షియం క్లోరైడ్ డబ్బా మీద డైహైడ్రేట్ అని ఉంటే 0.2 గ్రాములు సరిపోదు, 0.265 గ్రాములు తూచాలి. మెగ్నీషియం డబ్బా కూడా అలాగే చదవండి. గ్లూకోజ్ ఏ రోజుకారోజు కలపండి, నిలవుంచితే బూజు పడుతుంది.

నీళ్ళ సంగతి. బెంగళూరులో చాలా కాలేజీలకి కావేరి నీళ్ళు కొన్ని గంటలే వస్తాయి, మిగతా సమయమంతా బోరు నీళ్ళే. వాటితో కడిగిన గాజు సామాను మీద తెల్లటి పొర ఉండిపోతుంది. చివరిగా రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో తొలవకుండా ఏదీ వాడొద్దు. ఆర్గన్ బాత్ లోపలి గొట్టం అందరూ మర్చిపోయే చోటు. నిన్న ఎవరో వాడిన అట్రోపిన్ ఆనవాళ్ళు అక్కడే దాక్కుంటాయి.

ఇప్పుడు హిస్టమిన్. నా మొదటి ఏడాది మూడు వారాల పని పోయింది ఇక్కడే. డబ్బా మీద హిస్టమిన్ డైఫాస్ఫేట్ అని ఉంటే, హిస్టమినే కదా అని 10 మిల్లీగ్రాములు తూచేశాను. హిస్టమిన్ బేస్ (సాల్ట్ కలవని హిస్టమిన్) అణుభారం 111, డైహైడ్రోక్లోరైడ్‌ది 184, డైఫాస్ఫేట్‌ది 307. 10 మి.గ్రా. బేస్ కావాలంటే డైహైడ్రోక్లోరైడ్ 16.6 మి.గ్రా., డైఫాస్ఫేట్ 27.6 మి.గ్రా. తూచాలి. నేను వేసిన ప్రతి డోసూ రాసుకున్న దాంట్లో మూడో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. గ్రాఫు అందంగానే వచ్చింది, అంకెలు మాత్రం తప్పు. పక్క బెంచి వాళ్ళ అంకెలతో పోల్చాకే బయటపడింది. మూడు వారాల రీడింగులూ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను.

హిస్టమిన్ డైహైడ్రోక్లోరైడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. వానాకాలంలో డబ్బా మూత తీసి కబుర్లు చెప్పుకుంటూ తూచకండి. తీయండి, తూచండి, మూయండి, డెసికేటర్‌లో పెట్టండి.

25 మి.లీ. బాత్‌కి సరిపడే లెక్క:

- స్టాక్: మిల్లీలీటరుకి 1 మి.గ్రా. హిస్టమిన్ డైహైడ్రోక్లోరైడ్. దీన్నుంచి మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములు, 1 మైక్రోగ్రాము డైల్యూషన్లు ఏ రోజుకారోజు.
- 10 మైక్రోగ్రాముల ద్రావణం 0.1 మి.లీ. వేస్తే బాత్‌లో 1 మైక్రోగ్రాము పడుతుంది, అంటే దాదాపు 2.2 × 10⁻⁷ మోలార్. మామూలుగా సగం రెస్పాన్స్ వచ్చేది ఈ దరిదాపుల్లోనే.
- క్లోర్‌ఫెనిరమిన్ మాలియేట్ అణుభారం 391. మిల్లీలీటరుకి 1 మైక్రోగ్రాము ద్రావణం 0.1 మి.లీ. వేస్తే బాత్‌లో సుమారు 10⁻⁸ మోలార్.
- ఒకసారి వేసే పరిమాణం 1 మి.లీ. దాటకుండా చూసుకోండి.

4. టిష్యూ కట్టడం

ముందు బాత్ వెచ్చబడాలి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో బెంగళూరు ల్యాబుల్లో నీళ్ళు వేడెక్కడానికి మీరనుకున్న దానికంటే ఎక్కువసేపు పడుతుంది. జంతువును తీసే ముందే బాత్ 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. థర్మోస్టాట్ మీటను నమ్మకండి, బాత్ లోపల థర్మామీటరు పెట్టి చూడండి. థర్మోస్టాట్‌ని, గాలి పంపుని యూపీఎస్‌కి కలపండి. కరెంటు పోయిన పది నిమిషాల్లో ప్రయోగమంతా పోతుంది.

చిన్నపేగు, సీకం (పెద్దపేగు మొదలు) కలిసే చోటు నుంచి దాదాపు 10 సెం.మీ. వదిలేసి దానిపై భాగం తీసుకోండి. ఆ చివరి ముక్క మిగతా ఐలియంలాగా స్పందించదు. వెంటనే గాలి ఊదుతున్న టైరోడ్‌లో వేయండి. లోపలి మలాన్ని పిపెట్‌తో టైరోడ్ పోసి మెల్లగా కడగండి. వేళ్ళతో పిండొద్దు, లాగొద్దు.

2 నుంచి 3 సెం.మీ. ముక్క కోయండి. గోరువెచ్చని టైరోడ్ ఉన్న పెట్రీ డిష్‌లో ఉంచితే అది గులాబీ రంగులో, తడి రిబ్బనులా ఉంటుంది. కాసేపు చూస్తే దానంతటదే ఒక అల లాగా మెలి తిరుగుతుంది. అలా తిరిగిందంటే బతికే ఉంది. అంచున అంటుకున్న మెసెంటరీ పొరను సన్న కత్తెరతో తీసేయండి.

సూదీ దారంతో ఒక చివర ఒక గోడకి మాత్రమే ముడి వేయండి, రెండో చివర ఎదుటి గోడకి. రెండు గోడల్నీ కలిపి బిగిస్తే గొట్టం నోరు మూసుకుపోతుంది, ద్రావణం లోపలికి వెళ్ళదు. కొత్తవాళ్ళు చేసే పొరపాట్లలో ఇదే ఎక్కువ. కట్టాక పెట్రీ డిష్‌లో ఒకసారి తిప్పి, రెండు వైపులా నోరు తెరుచుకునే ఉందో లేదో చూడండి.

వేలాడదీశాక టెన్షన్ అర గ్రాము నుంచి 1 గ్రాము లోపు ఉంచండి. దారం ఎక్కడా గాజుకి రాసుకోకూడదు. గాలి బుడగలు సన్నగా, విడివిడిగా రావాలి, టిష్యూని కుదపకూడదు. ఇక 30 నుంచి 45 నిమిషాలు వదిలేయండి, పదీ పదిహేను నిమిషాలకోసారి ద్రావణం మార్చండి. ఈ విరామంలో తొందరపడితే రోజంతా బేస్‌లైన్ (మందు వేయనప్పటి గీత) జారుతూనే ఉంటుంది.

మొదటి డోసు వేసే ముందు చూసుకోండి:

- ద్రావణం తేటగా ఉంది, గ్లూకోజ్ కలిపారు
- బాత్ లోపలి ఉష్ణోగ్రత పది నిమిషాలుగా మారలేదు
- ముక్క రెండు చివరలా తెరుచుకుని ఉంది
- బేస్‌లైన్ నిలకడగా ఉంది
- డ్రగ్ సీసాల మీద పేరు, సాల్ట్, గాఢత, తేదీ రాసి ఉన్నాయి
- ఒక్కో డ్రగ్‌కి విడి సిరంజి ఉంది

5. హిస్టమిన్ డోస్ రెస్పాన్స్

మధ్యస్థమైన ఒక డోసుని పదే పదే వేయండి. వరసగా రెండుసార్లు ఒకే ఎత్తు వచ్చేవరకు అసలు ప్రయోగం మొదలుపెట్టొద్దు.

తర్వాత చిన్న డోసు నుంచి పైకి, రెట్టింపు చేసుకుంటూ వెళ్ళండి: 0.1, 0.2, 0.4, 0.8 మి.లీ. 30 సెకన్లు బేస్‌లైన్, డోసు వేశాక 30 సెకన్లు, తర్వాత రెండు మూడు సార్లు వాష్. డోసుకీ డోసుకీ మధ్య ఐదు నిమిషాలు. గడియారం చూసి చేయండి, అంచనాతో కాదు. డోసు పెంచినా ఎత్తు పెరగని దాకా వెళ్ళాలి. ఆ పైకప్పు తెలియకపోతే ఈసీ50 (అందులో సగం రెస్పాన్స్ ఇచ్చే గాఢత) లెక్క తేలదు.

ఐలియంలో హిస్టమిన్ రెస్పాన్స్ చప్పున లేచి కాసేపటికి దిగిపోతుంది. కాబట్టి వాష్ చేయకుండా డోసు మీద డోసు కలుపుకుంటూ పోయే పద్ధతికంటే విడివిడి డోసులే నమ్మకం.

6. యాంటాగనిస్ట్ వేయడం, పీఏ2 తీయడం

స్టాండర్డ్‌గా (పోల్చుకోవడానికి ముందే తెలిసిన మందుగా) క్లోర్‌ఫెనిరమిన్ గానీ మెపిరమిన్ గానీ తీసుకోండి. మీ టెస్ట్ డ్రగ్ ఎంత గొప్పదైనా స్టాండర్డ్ లేకుండా చేసిన స్క్రీనింగ్‌కి అర్థం లేదు.

యాంటాగనిస్ట్‌ని సిరంజితో బాత్‌లో వేస్తే వాష్ చేసిన ప్రతిసారీ కొట్టుకుపోతుంది. పైన రిజర్వాయర్‌లో ఉన్న టైరోడ్‌లోనే కలపండి, వాష్ చేసినా గాఢత మారదు. 20 నుంచి 30 నిమిషాలు టిష్యూని అందులో ఉండనిచ్చి, తర్వాత హిస్టమిన్ డోసులు మళ్ళీ మొదటి నుంచి వేయండి.

నిజమైన పోటీ యాంటాగనిస్ట్ అయితే గ్రాఫులో మూడు కనిపించాలి. వక్రరేఖ కుడివైపు జరగాలి, పాత దానికి సమాంతరంగా ఉండాలి, హిస్టమిన్ పెంచితే పాత పైకప్పుని మళ్ళీ అందుకోవాలి.

ఎంత జరిగిందన్నదే డోస్ రేషియో. ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. మందు లేనప్పుడు ఈసీ50 2 × 10⁻⁷ మోలార్. క్లోర్‌ఫెనిరమిన్ 10⁻⁸ మోలార్ ఉన్నప్పుడు 1.6 × 10⁻⁶ మోలార్. డోస్ రేషియో 8. అందులోంచి 1 తీసేస్తే 7, దాని లాగ్ 0.845. దీనికి యాంటాగనిస్ట్ గాఢత నెగెటివ్ లాగ్ అయిన 8 కలపండి. పీఏ2 విలువ 8.85. అంటే హిస్టమిన్ డోసు రెట్టింపు చేస్తే తప్ప పాత రెస్పాన్స్ రాకుండా చేసే యాంటాగనిస్ట్ గాఢతకి ఇది గుర్తు. ఫార్మకాలజిస్టు షిల్డ్ 1947లో ఇచ్చిన ఈ కొలతనే ఇప్పటికీ వాడుతున్నాం.

ఒక్క గాఢతతో ఆగిపోవద్దు. కనీసం మూడు గాఢతల్లో చేసి, డోస్ రేషియోలోంచి 1 తీసేసిన విలువ లాగ్‌ని యాంటాగనిస్ట్ లాగ్ గాఢతకి ఎదురుగా గీయండి. గీత వాలు 1కి దగ్గరగా ఉంటేనే సాదా పోటీ అనగలం.

ఇక్కడ ముందుచూపు అవసరం. పై లెక్క ప్రకారం క్లోర్‌ఫెనిరమిన్ 10⁻⁷ మోలార్‌కి పెంచితే డోస్ రేషియో దాదాపు 71 అవుతుంది. పైకప్పు అందుకోవాలంటే హిస్టమిన్ 10⁻⁴ మోలార్ దాకా వేయాల్సి రావచ్చు. 25 మి.లీ. బాత్‌లో అది దాదాపు 460 మైక్రోగ్రాముల డైహైడ్రోక్లోరైడ్. పలచటి ద్రావణంతో అంత వేయాలంటే బాతే పొర్లిపోతుంది. అందుకే మిల్లీలీటరుకి 1 మి.గ్రా. స్టాక్ పక్కనే ఉంచుకోమన్నాను.

గాఢతలు తక్కువ నుంచి ఎక్కువకి వెళ్ళాలి. ఒకసారి ఎక్కువ వేశాక పూర్తిగా కడిగేయడం కష్టం. కుదిరితే ఒక్కో గాఢతకి ఒక్కో కొత్త ముక్క వాడండి. పక్కన ఇంకో ముక్కకి ఏ మందూ లేకుండా, మందుని కరిగించిన ద్రావకం మాత్రమే ఇచ్చి అన్ని హిస్టమిన్ డోసులూ వేయండి. గంటలు గడిచేకొద్దీ టిష్యూ తనంతట తానే ఎంత నీరసిస్తోందో అది చెప్తుంది. ద్రావకం డీఎంఎస్ఓ అయితే బాత్‌లో 0.1 శాతం మించకుండా చూసుకోండి.

7. హిస్టమిన్‌నే ఆపుతోందా, అన్నిటినీ ఆపుతోందా

చాలా థీసిస్‌లలో లేనిది ఈ భాగమే. నన్నడిగితే మిగతా అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

అదే ముక్క మీద, అదే గాఢతలో, మీ మందుని ఇంకో రెండిటికి ఎదురుగా పెట్టండి. ఒకటి అసిటైల్‌కోలిన్, అది మస్కరినిక్ రిసెప్టర్ ద్వారా ముడుచుకునేలా చేస్తుంది. రెండోది బేరియం క్లోరైడ్, అది రిసెప్టర్‌తో పని లేకుండా కండరాన్నే నేరుగా కదిలిస్తుంది.

- హిస్టమిన్ రేఖ కుడికి జరిగి, అసిటైల్‌కోలిన్, బేరియం రెండూ కదలకపోతే: హెచ్1 యాంటాగనిస్ట్ అనడానికి గట్టి ఆధారం.
- హిస్టమిన్, అసిటైల్‌కోలిన్ రెండూ జరిగి బేరియం కదలకపోతే: రెండు రిసెప్టర్ల మీదా పని చేస్తోందేమో. ఒక్కోదానికి విడిగా పీఏ2 తీసి, తేడా ఎంతో రాయండి.
- మూడూ పొట్టివైపోతే, పైకప్పు కూడా పడిపోతే: కండరాన్ని వదులు చేసే మందు. పాపవెరిన్ కూడా ఇలాగే చేస్తుంది. దీన్ని యాంటీహిస్టమిన్ అనకూడదు.

స్టాండర్డ్ మందులు కూడా గాఢత పెంచితే ఇంకో వేషం చూపిస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్ 10⁻⁸ మోలార్ దగ్గర అసిటైల్‌కోలిన్‌ని ముట్టుకోదు. దానికి వెయ్యి రెట్లు పెంచితే ముట్టుకుంటుంది. కాబట్టి సెలెక్టివ్ అని రాసిన ప్రతి చోటా ఏ గాఢతలో అన్నది కూడా రాయాలి.

మొక్కల ఎక్స్‌ట్రాక్టులతో ఇంకా జాగ్రత్త. వాటిలో పొటాషియం ఉంటుంది, టానిన్లుంటాయి, పులుపుంటుంది. ద్రావణం పీహెచ్ చూసి సరిచేయండి. ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే వేసినప్పుడు బేస్‌లైన్ కదులుతుందేమో ముందు చూడండి. ఎక్స్‌ట్రాక్ట్‌కి అణుభారం ఉండదు కాబట్టి మోలార్‌లో పీఏ2 అన్నది కుదరదు. మిల్లీలీటరుకి ఇన్ని మైక్రోగ్రాముల దగ్గర డోస్ రేషియో ఇంత అని రాస్తే నిజాయితీగా ఉంటుంది.

ఐలియం హెచ్1 సంగతి మాత్రమే చెప్తుంది. హెచ్2 మీద పని ఉందేమో తెలియాలంటే గినీ పిగ్ కుడి ఏట్రియం (గుండె పై గది) కావాలి. అక్కడ హిస్టమిన్ హెచ్2 ద్వారా కొట్టుకునే వేగాన్ని పెంచుతుంది.

8. తేడా కొడితే ఏం చేయాలి

*టిష్యూ అసలు కదలట్లేదు.* ముందు అసిటైల్‌కోలిన్ వేసి చూడండి. దానికి కదిలితే తప్పు హిస్టమిన్ డైల్యూషన్‌లో ఉంది. దానికీ కదలకపోతే ముడి, దారం రాపిడి, కాల్షియం, ఈ వరసలో చూడండి.

*దానంతటదే ఎగిరెగిరి పడుతోంది.* ఉష్ణోగ్రతని 32–34 డిగ్రీలకి తగ్గించండి, టెన్షన్ కాస్త వదలండి. ఒకసారి తగ్గించాక ఆ ప్రయోగమంతా అదే ఉష్ణోగ్రతలో నడవాలి.

*రెస్పాన్స్ డోసు డోసుకీ తగ్గిపోతోంది.* పెద్ద డోసులు దగ్గర దగ్గరగా వేశారు. పదిహేను నిమిషాలు విశ్రాంతినిచ్చి, మూడు నాలుగు సార్లు వాష్ చేసి, మధ్యస్థ డోసుతో మళ్ళీ చూడండి. గ్లూకోజ్ మర్చిపోలేదు కదా అని కూడా చూసుకోండి.

*వాష్ చేసినా బేస్‌లైన్‌కి దిగట్లేదు.* వాష్ నీళ్ళు చల్లగా వస్తున్నాయేమో చేత్తో పట్టుకుని చూడండి. రిజర్వాయర్ నుంచి వచ్చే గొట్టం వేడి నీళ్ళలోంచి చుట్టుకుని రావాలి.

*స్టాండర్డ్ కూడా పని చేయలేదు.* అయితే ఆ రోజు టెస్ట్ డ్రగ్ ఫలితం దేనికీ పనికిరాదు, ఎంత బాగా కనిపించినా సరే.

9. తర్వాతి మెట్లు

ఇవి అందరికీ అవసరం పడవు కాబట్టి క్లుప్తంగా చెప్తాను.

రిసెప్టర్‌కి అతుక్కునే బలం తెలియాలంటే ట్రిషియం గుర్తున్న మెపిరమిన్‌ని మీ మందు ఎంత నెట్టేస్తుందో చూస్తారు. హెచ్1 రిసెప్టర్ ఉన్న కణాల్లో కాల్షియం పెరగడాన్ని వెలుగు ద్వారా కొలిచే పద్ధతి ఇంకా వేగం, వందల కాంపౌండ్లను ఒకే రోజు చూడొచ్చు. బెంగళూరులో పెద్ద సౌకర్యాలున్న సంస్థలు ఉన్నాయి కాబట్టి మీ గైడ్ ద్వారా అడిగి చూడండి.

గినీ పిగ్‌ని హిస్టమిన్ సన్నటి తుంపర నింపిన గదిలో ఉంచి ఆయాసం వచ్చే సమయాన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది. ఆయాసం మొదలైన క్షణమే బయటికి తీసి మంచి గాలి ఇవ్వాలి. మూర్ఛ వచ్చేదాకా ఆగడం క్రూరత్వం, దానివల్ల అదనంగా తెలిసేదీ ఏమీ లేదు. గది ముందు కూర్చున్న మనిషికి ఆ సమయంలో ఇంకో పని అప్పజెప్పకండి.

చుండెలుకల్లో క్లోనిడిన్‌తో వచ్చే కాటలెప్సీని (కదలకుండా బిగుసుకుపోవడాన్ని) చాలా కాలేజీల్లో వాడుతున్నారు. క్లోనిడిన్ మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ విడుదల చేయిస్తుందన్నది దీనికి ఆధారం. చేయడం తేలిక. కానీ ఇది పక్కదారి సాక్ష్యమే. దీని ఒక్కదాని మీద ఆధారపడి యాంటీహిస్టమిన్ అని తేల్చొద్దు, ఐలియం ఫలితానికి తోడుగా మాత్రమే పెట్టుకోండి.

10. నిద్ర, గుండె

మంచి పీఏ2 వచ్చినంత మాత్రాన మంచి మందు అయిపోదు. బెంగళూరులో వయ్యారిభామ పుప్పొడికి తుమ్మి తుమ్మి మాత్ర వేసుకుని, అదే ఉదయం అవుటర్ రింగ్ రోడ్డు మీద బండి నడిపేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకి ఆ మాత్ర నిద్ర తెస్తుందా లేదా అన్నది పీఏ2 కంటే పెద్ద ప్రశ్న. యాక్టోఫోటోమీటరులో చుండెలుకల కదలికలు, రోటారాడ్ (తిరిగే కడ్డీ) మీద పట్టు, ఈ రెండూ చేయండి. పక్కన డైఫెన్‌హైడ్రమిన్ ఒక గుంపుకి, ఫెక్సోఫెనడిన్ ఒక గుంపుకి ఇస్తే మీ మందు ఏ వైపు ఉందో తెలుస్తుంది.

గుండె సంగతి టెర్ఫెనడిన్ నేర్పింది. అది నిద్ర తేని మందుగా బాగా అమ్ముడైంది. కాలేయంలో దాన్ని మార్చే సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ని కీటోకొనజోల్, ఎరిత్రోమైసిన్ లాంటివి ఆపేస్తే, మారని టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుని గుండెలోని హెర్గ్ పొటాషియం ఛానెల్‌ని మూసేసింది. గుండె లయ తప్పి ప్రాణాలు పోయాయి. 1998లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. శరీరంలో అది మారి తయారయ్యే ఫెక్సోఫెనడిన్‌కి ఆ గుణం లేదు, ఇప్పుడు మనం వాడుతున్నది దాన్నే. అందుకే కొత్త కాంపౌండ్ ఐలియంలో నెగ్గగానే హెర్గ్ పరీక్షకి పంపుతారు.

11. థీసిస్‌లో ఎలా రాయాలి

మొదట అడిగిన తమ్ముడికి తిరిగి వస్తాను. అతను బేరియం, అసిటైల్‌కోలిన్ రెండూ చేసి పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు. మూడు గీతలూ పొట్టివే. "ఇప్పుడేం చేయాలన్నా, ఇంకా రెండు నెలలే ఉంది" అన్నాడు, గొంతులో భయం తెలిసింది. శీర్షికలో యాంటీహిస్టమిన్ తీసేసి, "ఐలియంపై స్పాస్మోలిటిక్ ప్రభావం" (అంటే కండరాన్ని వదులు చేసే గుణం) అని పెట్టమన్నాను. చేసిన పనిలో ఒక్క రీడింగు కూడా పారేయక్కర్లేదు. గైడ్ ఒప్పుకున్నారు, వైవాలో ఎగ్జామినర్ మొదట అడిగింది బేరియం గ్రాఫు గురించే.

మీరు రాసేటప్పుడు ఇవి తప్పకుండా ఉండాలి:

- ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, లేదా టిష్యూ ఎక్కడి నుంచి తెచ్చారన్న వివరం
- ప్రతి డ్రగ్ సాల్ట్ పేరు, గాఢత బేస్‌గా లెక్కించారా సాల్ట్‌గానా
- బాత్ పరిమాణం, ఉష్ణోగ్రత, టెన్షన్, డోసుల మధ్య సమయం
- ఎన్ని జంతువులు, ఎన్ని ముక్కలు. ఈ రెండూ ఒకటి కాదు, లెక్కల్లో ఎన్ అంటే జంతువులు
- యాంటాగనిస్ట్ ఎంతసేపు ఉంచారు
- స్టాండర్డ్, ద్రావకం, అసిటైల్‌కోలిన్, బేరియం ఫలితాలు, బాగా రానివి కూడా
- వాలు విలువ, పైకప్పు తగ్గిందా లేదా

అసలు ట్రేసింగులు పారేయొద్దు. గీతను రికార్డు చేసిన డ్రమ్ము కాగితమైతే వార్నిష్ వేసి ఆరబెట్టి, వెనక తేదీ, జంతువు బరువు, ముక్క నంబరు పెన్సిల్‌తో రాసి ఫైల్లో పెట్టండి. ట్రాన్స్‌డ్యూసర్ రికార్డింగ్ అయితే కత్తిరించని ఫైలునే రెండు చోట్ల దాచుకోండి, కంప్యూటర్లో ఒకటి, గైడ్ దగ్గర ఒకటి.